బావగారి ముక్కు

బావగారికి మట్టి కనిపిస్తే వాసన చూడాలి. అదొక్కటే ఆయన జబ్బు. మిగతా అన్నిట్లోనూ ఆయన అందరిలాంటి మనిషే. టీ చల్లారితే విసుక్కుంటారు, గొడుగు ఎక్కడో మరిచిపోయి వస్తారు, పేపరు చదువుతూ పేపరు మీదే కునుకు తీస్తారు. కానీ కంటికి మట్టి ఆనిందంటే, అది ఎవరిది, ఎక్కడిది, చుట్టూ ఎవరున్నారు అన్న సంగతులేవీ ఇక పట్టవు. వంగుతారు, రెండు వేళ్ల మధ్య చిటికెడు పట్టుకుంటారు, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. ముక్కుపుటాలు కొలిమి తిత్తుల్లా ఉబ్బుతాయి. తరవాత ఆ చిటికెడూ పక్కనున్నవాళ్ల ముక్కు కింద పెట్టి, "ఏమంటారు?" అని అడుగుతారు.

పక్కనున్నవాళ్లు మొహమాటానికి ఏదో ఒకటి అంటారు. తడిసిన గోనె అనో, తుప్పు అనో. బావగారు గంభీరంగా తల పంకించి, "ఊఁ, నేనూ అదే అనుకున్నాను" అంటారు. జేబులోంచి ఖాళీ మందు సీసా తీసి మట్టి అందులో పోసి, మూత బిగించి, జేబులో వేసుకుంటారు. నడుస్తుంటే ఆయన జేబులు గలగలలాడతాయి. వీధిలో ఆయన్ని ముక్కుగారు అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయన పలుకుతారు కూడా.

ఒకసారి రక్తపోటు చూపించుకోవడానికి వెళ్లి డాక్టరు బల్ల పక్కనున్న పూలకుండీ చూశారు. డాక్టరు ఒక చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి కుండీలోకి పోయి, అట్నించి డాక్టరు ముక్కు దగ్గరికి వచ్చింది. డాక్టరు కాసేపు తటపటాయించి, నీళ్లు ఎక్కువ పోస్తున్నారేమో అన్నాడట. "నేనూ అదే అనుకున్నాను" అన్నారు బావగారు. బయట పద్నాలుగు మంది రోగులు దగ్గుతూ కూర్చుంటే, లోపల ఇద్దరూ అరగంట కుండీ గురించి మాట్లాడుకున్నారు. రక్తపోటు ఎంత ఉందో ఇద్దరూ మరిచిపోయారు.

ఇంకోసారి రైలు రెండే నిమిషాలు ఆగే స్టేషన్లో పూలమడి కనిపించింది. అక్కయ్య, అంటే బావగారి భార్య, వద్దు వద్దంటూనే ఉంది. రైలు అక్కయ్యనూ, రెండు టిక్కెట్లనూ, అన్నం డబ్బానూ తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ మూడో స్టేషన్లో దిగి, ఎదురు రైలెక్కి వెనక్కి వచ్చేసరికి, ఈయన జెండా ఊపే ఆయనతో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. "ఇదిగో, వీరు వానకి ముందు వచ్చే వాసన అంటున్నారు. నేనూ అదే అనుకున్నాను" అని సంతోషంగా చెప్పారు. అక్కయ్య నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడటం లేదన్న సంగతి ఆయనకు తెలియకపోతే, అది చెప్పడానికి మాత్రం ఒకసారి మాట్లాడింది.

ఇన్నేళ్లలో బావగారు మట్టి ముందు నిలబడి కూడా వాసన చూడని రోజు ఒక్కటే. తమ్ముణ్ని సాగనంపిన రోజు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. జేబులో సీసా చప్పుడు కూడా లేదు. అది చూసి జనం, భర్త పోయిన మరదలిని వదిలేసి, ముందు ఈయన్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ తమ్ముడిది లారీల మరమ్మతు షెడ్డు. ఇంటి వెనక, వంటింటి గోడకు ఆనుకుని, రేకుల కప్పుతో ఉంటుంది. ఇరవై రెండేళ్లు ఇంజన్ల కింద పడుకుని బతికిన మనిషి. పాత ఆయిలు దింపితే డబ్బాలో పట్టినంత పట్టి, మిగిలింది నేల మీద పారబోసేవాడు. దుమ్ము లేవకుండా ఉంటుందనేవాడు. దుమ్ము నిజంగానే లేవలేదు. ఏదీ లేవలేదు, గడ్డిపరకతో సహా. నేల నల్లగా, పెచ్చు కట్టి, కాలి కింద తోలులా ఉండేది. వాన జల్లు లోపలికి కొడితే నీళ్లు ఇంకకుండా పూసల్లా దొర్లేవి.

భర్త పోయాక మరదలు షెడ్డు తలుపు మూసింది. కొన్నాళ్లకు ఇంటి తలుపు కూడా మూసింది. పాలు తీసుకోవడానికి ఒక చెయ్యి బయటికి వచ్చేది, అంతే. వీధిలో వాళ్లు ఆ చేతిని చూసి మనిషి బాగానే ఉందని సరిపెట్టుకునేవాళ్లు. అక్కయ్య వచ్చి పలకరిస్తే బాగానే ఉన్నానని తలుపు సందులోంచి చెప్పేది. బాగానే ఉన్నవాళ్లు తలుపు సందులోంచి ఎందుకు చెబుతారని అక్కయ్య ఇంటికెళ్లి ఏడ్చేది.

అలా ఉండగా ఒకరోజు పక్కింటి లాండ్రీ ఆయన తెల్లదుప్పటి ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. మెత్తటి మనిషి. దుప్పటి విప్పి చూపించాడు. నడిమధ్య గోధుమరంగు మరక, పళ్లెమంత. వారం రోజులుగా బోరు నీళ్ల మీద జిడ్డు తేలుతోందనీ, తను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదనీ, కానీ దుప్పట్లు ఇచ్చిన హోటలువాళ్లు ఊరుకోలేదనీ, రేపు కాలుష్యం ఆఫీసువాళ్లు వస్తారనీ చెప్పి, తప్పు తనదే అయినట్టు తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆఫీసు నుంచి వచ్చింది ల్యాబు మేడమ్. మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో గొట్టం. షెడ్డులో నాలుగు చోట్ల గొట్టం దింపి మట్టి తీసుకుపోయింది. పదిహేను రోజులకు కాగితం వచ్చింది. మట్టిలో ఆయిలు ఉండాల్సిన హద్దు కంటే చాలా ఎక్కువ ఉంది. పది నెలలు గడువు. అప్పటికి హద్దులోకి రాకపోతే రెండు నిలువుల లోతు మట్టి తవ్వి తీసుకుపోతారు. తవ్వాలంటే ముందు షెడ్డూ, దానికి ఆనుకున్న వంటిల్లూ పడగొట్టాలి. వంటిల్లు పోతే మిగిలిన రెండు గదులూ గోడ ఆసరా లేక నిలబడవని తాపీమేస్త్రి చూసి చెప్పాడు. అంటే ఇల్లే పోతుంది. భర్త కట్టిన ఇల్లు, ఆయన పోయిన రెండేళ్లలోపే.

అక్కయ్య మరదలి చెయ్యి పట్టుకుని, "మా ఇంటికి వచ్చేయవే చెల్లీ. కాకపోతే సీసాల మధ్య పడుకోవాలి" అంది. నవ్వించాలనే అంది. మరదలు నవ్వలేదు.

బావగారు కాగితం రెండుసార్లు చదివారు. షెడ్డులోకి వెళ్లి, వంగి, చిటికెడు తీసి, కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూశారు. బయటికి వచ్చి, మొక్కలు వేద్దాం అన్నారు.

ఆ మాట విని వీధి వీధంతా నవ్వింది. బావగారు మాత్రం నవ్వులాటకు అనలేదు. ఆయన ముప్ఫై ఏళ్లు ఆయిలు డిపోలో తొట్లు కడిగే పని చేసి రిటైరయ్యారు. అక్కడ ఒకసారి ట్యాంకు పగిలి నేలంతా పాడైతే, ఎవరో చదువుకున్నవాళ్లు వచ్చి గడ్డి నాటారట. పిచ్చివాళ్లనుకుని అందరూ నవ్వారట. మూడేళ్లకు అక్కడ పిచ్చుకలు దిగాయట. ల్యాబు మేడమ్‌ని అడిగితే, చాలాచోట్ల చేస్తున్నారు, చేయవచ్చు, పది నెలలు చాలుతాయో లేదో మాత్రం తను చెప్పలేనంది.

మర్నాడు పొద్దున ఏడింటికి గేటు గడియ చప్పుడైంది. మరదలు కిటికీలోంచి చూస్తే బావగారు పార భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్, ఒకసారి బయటికి రా. ముక్కు కావాలి."

"నాకేం తెలుసు బావగారూ."

"నాకూ తెలియదు. అందుకే రెండు ముక్కులుంటే మంచిది."

పెద్దవాడు గుమ్మంలో నిలబడి పిలుస్తుంటే రాకుండా ఎలా ఉంటుంది. వచ్చింది. ఆయన అందించిన మట్టి వాసన చూసింది. ఏమంటావంటే, తెలియదంది. "ఊఁ, నేనూ అదే అనుకున్నాను" అని ఆయన దాన్ని సీసాలో పోసుకున్నారు. మర్నాడు ఏడింటికి మళ్లీ గడియ చప్పుడు. మళ్లీ ముక్కు కావాలి. ఆదివారాలు కూడా సెలవు లేదు.

మొదటి విడత విత్తనాలు ఒక్కటీ మొలవలేదు. పోసిన నీళ్లు పోసినట్టే దొర్లిపోయాయి. అప్పుడు బావగారు పైన పెచ్చు కట్టిన నేలను గునపంతో లేపి, రెండు డ్రమ్ములకెత్తి ఆఫీసు బండికి అప్పగించారు. మిగిలిన మట్టిని తిరగేసి, మాగిన ఎరువూ తరిగిన గడ్డీ కలిపి, గాలి తగిలేలా వారానికోసారి పారతో కుళ్లగించారు. కప్పులోనూ, లారీలు వచ్చే వైపు గోడలోనూ రేకులు విప్పించి ఎండ పడేలా చేశారు. మళ్లీ చల్లారు. ఈసారి పొడుగు వేళ్ల గడ్డి, మధ్యలో చిక్కుడు జాతి తీగ, గోడ పొడుగునా పొద్దుతిరుగుడు.

మొలిచాయి. బలహీనంగా, పసుప్పచ్చగా, జ్వరం పడి లేచినవాళ్లలా మొలిచాయి. మొలిచిన రోజున బావగారు వాటి ముందు ఒంగుని అరగంట కూర్చున్నారు. నడుం పట్టేసి లేవలేకపోతే లాండ్రీ ఆయన వచ్చి లేపాడు.

మంగలి ఒకరోజు గడ్డం గీస్తూ, ఈ పొద్దుతిరుగుడు గింజలు గానుగ ఆడిస్తే లారీలో పోసుకోవచ్చా అని అడిగాడు. బావగారికి కోపం వచ్చింది. సగం గీసిన గడ్డంతో లేచి అతన్ని షెడ్డుకు తీసుకొచ్చి పాఠం చెప్పారు. ఆయిలు తినేది మొక్క కాదు. మొక్క వేళ్ల చుట్టూ కంటికి ఆనని సూక్ష్మజీవులుంటాయి. మొక్క వాటికి ఉండడానికి చోటిచ్చి, వేళ్లలోంచి కాస్త తీపి పెట్టి సాకుతుంది. అవి బలం పుంజుకుని మట్టిలో ఆయిలు తింటాయి. "మొక్క ఇల్లాలి లాంటిది. పేరు ఇంకొకళ్లది, కష్టం తనది" అన్నారు. కిటికీ వెనక ఉన్న మరదలికి ఆ మాట వినిపించింది. ఆ రోజు ఆయన టీలో ఒక చెంచా పంచదార ఎక్కువ పడింది.

గడ్డి ఎదిగాక ఎవరిదో మేక దూరింది. ఆ గడ్డి మేస్తే మేకకు మంచిది కాదని ఆయన భయం. తోలబోయి, కొమ్ము పట్టుకున్నారు గానీ వదలడం తెలియలేదు. ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆయన వంగి చిటికెడు మట్టి తీసి మేక ముక్కు కింద పెట్టి, "ఏమంటావు?" అన్నారు. మేక తుమ్మింది.

"ఊఁ, నేనూ అదే అనుకున్నాను."

కిటికీలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. బావగారు అటు తిరగలేదు. మేకను గేటు దాకా సాగనంపి, సీసా తీసి ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

నాలుగో నెలకు మరదలు పిలవకముందే మెట్టు మీద కూర్చుంటోంది. ఆరో నెలకు తనే నీళ్లు పోస్తోంది. వాసన అడిగితే తెలియదనడం మానేసి డీజిలు అనీ, తడి ఇటుక అనీ, నిన్నటికంటే తక్కువనీ చెబుతోంది.

ఆ తక్కువ అన్న మాట దగ్గరే చిక్కొచ్చింది.

భర్త రోజూ సాయంత్రం షెడ్డులోంచి వంటింటి కిటికీ కిందికి వచ్చి, అక్కడి కుళాయి దగ్గర చేతులు కడుక్కునేవాడు. మనిషి కంటే ముందు వాసన వచ్చేది. ఆయిలూ ఇనుమూ కలిసిన వాసన. అది రాగానే ఆమె టీకి నీళ్లు పెట్టేది. మనిషి పోయాక కూడా ఆ కిటికీ దగ్గర నిలబడితే వాసన వచ్చేది. ఆమె మూడు పూటలా నిలబడేది. ఇప్పుడు అక్కడ పచ్చిగడ్డి వాసన వస్తోంది. ఇల్లు నిలవాలంటే ఆ వాసన పోవాలి. పోవాలని ఆమెకూ తెలుసు. పోతుంటే మాత్రం ఊపిరి ఆడలేదు.

షెడ్డు మూలన భర్త చివరిసారి దింపిన ఆయిలు సగం డబ్బా ఉంది. ఒక మధ్యాహ్నం, వీధంతా కునుకు తీస్తున్న వేళ, ఆమె పాత గరిటె పట్టుకెళ్లింది. ఒకే ఒక్క గరిటెడు తెచ్చి కిటికీ కింద పోసింది. వంటగిన్నెల్లో కలవకూడదని గరిటెను కిటికీ బయట మేకుకు తగిలించింది. నాలుగు రోజులకు ఇంకో గరిటెడు. తరవాత వారానికి రెండు.

షెడ్డంతా పచ్చబడింది. కిటికీ కింద మాత్రం పళ్లెమంత మేర గడ్డి మాడిపోయింది. బావగారు మళ్లీ నాటారు. మళ్లీ మాడింది. అలా ఐదుసార్లు నాటారు. దానికి మొండిఘటం అని పేరు కూడా పెట్టారు. గడువు ఇంక ఏడు వారాలే ఉంది. ల్యాబు మేడమ్ మొదటిసారి గొట్టం దింపిన నాలుగు చోట్లలో అదొకటి. ఈసారీ అక్కడే దింపుతుంది.

బావగారు మంచం దిగని మనిషిని వైద్యులకు చూపించినట్టు ఆ చోటుని వీధిలో అందరికీ చూపించారు. మంగలి వాసన చూసి కాలిన రబ్బరు అన్నాడు. పాలాయన పెనం అన్నాడు. నేనూ అదే అనుకున్నాను అని ఇద్దరికీ చెప్పారు. లాండ్రీ ఆయన చిటికెడు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించాడు.

"ఇది పాత జిడ్డు కాదు ముక్కుగారూ. మొన్నామధ్య పడింది. జిడ్డు సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

కిటికీ దగ్గర మరదలు టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి పక్కకు తప్పుకుంది. బావగారి చూపు మెల్లగా మట్టి మీంచి గోడ మీదికి, గోడ మీంచి మేకుకి వేలాడుతున్న గరిటె మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు ఆగి, మళ్లీ లాండ్రీ ఆయన మీదికి వచ్చింది.

"కాదు. పాతదే" అన్నారు. "మీకు జలుబు చేసినట్టుంది."

లాండ్రీ ఆయన నోరు తెరిచాడు. పన్నెండేళ్ల పరిచయంలో ముక్కుగారు ఒకరి మాట కాదనడం ఇదే మొదటిసారి. నిజంగానే జలుబు చేసిందేమోనని ముక్కు తడుముకుంటూ ఇంటికి వెళ్లాడు.

మరదలు కంగారులో పాలు మాడబెట్టింది. ఆ మాడు పాలతోనే టీ చేసి ఇచ్చింది. వీధి మొదటి దాకా వాసన. బావగారు తిరగేసిన డ్రమ్ము మీద కూర్చుని చివరి గుక్క దాకా తాగి, టీ దివ్యంగా ఉందన్నారు. తరవాత గడ్డి వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు చెప్పారు.

"పాపం, వాటి ఆకలికీ ఒక పద్ధతుందమ్మాయ్. ఉన్నది తిని అరిగించుకోనివ్వాలి. మీదమీద వడ్డిస్తే లేచిపోతాయి."

గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయారు.

మర్నాడు ఏడింటికి గేటు గడియ తీసేసరికి మెట్టు మీద సగం డబ్బా ఉంది. దాని మీద గరిటె ఉంది. పక్కన మరదలు నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇది తీసుకెళ్లిపోండి బావగారూ."

ఎందుకని ఆయన అడగలేదు. డిపోకి వెళ్లే బండికి ఎక్కిస్తానన్నారు. ముందు కిటికీ కిందికి వెళ్లి, మాడిన చోట నల్లమట్టిని దోసెడు లోతు తవ్వి తీశారు. అందులోంచి గుప్పెడు ఒక సీసాలోకి పోశారు. ఈసారిది మందు సీసా కాదు, మంచి గాజుది, బిగుతు మూతది. కాగితం ముక్క మీద ఏదో రాసి అంటించి, సీసాను కిటికీ లోపల గూట్లో పెట్టారు.

"ఇది పరీక్షకి కాదు. నీ దగ్గరుంచుకో. కావాలన్నప్పుడు మూత తియ్యి. మూత పెడితే ఎక్కడికీ పోదు."

రాసింది ఆమె చదవలేదు. కాగితం గోడ వైపుకి ఉంది. తిప్పి చూసే ధైర్యం ఆ రోజు లేదు.

మొండిఘటం మీద ఆరోసారి నాటిన గడ్డి పదకొండో రోజున తల ఎత్తింది. మరదలు ఆ పళ్లెమంత చోటు ముందు పూటపూటా కూర్చుని, ఇంకొంచెం, ఇంకొంచెం అని బతిమాలేది. గడువు నాటికి అది జానెడు ఎదిగింది.

ల్యాబు మేడమ్ వచ్చి నాలుగు చోట్లా గొట్టం దింపింది. కిటికీ కింద దింపినప్పుడు మరదలు కళ్లు గట్టిగా మూసుకుంది. ఫలితం రావడానికి పన్నెండు రోజులన్నారు. ఆ పన్నెండు రోజులూ ఆమె వంటిల్లు రోజుకు మూడుసార్లు తుడిచింది. పడగొట్టేదైతే ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని పడగొట్టడానికి వాళ్లకే చేతులు రావని ఆమె ఆశ.

పన్నెండో రోజున మేడమ్ కాగితం పోస్టులో పంపకుండా తనే పట్టుకొచ్చింది. గేటు దగ్గర నుంచే చెయ్యి ఊపింది. నాలుగు చోట్లా హద్దులోకి వచ్చింది. కిటికీ కింద అంచున ఉంది గానీ హద్దు లోపలే ఉంది. గడ్డి ఇంకో రెండేళ్లు ఉంచాలి. వంటిల్లు పడగొట్టక్కర్లేదు.

మరదలు వెళ్లి వంటింటి గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుండిపోయింది. పది నెలలుగా తనే ఆ గోడను మోస్తున్నట్టు, ఇప్పుడు గోడ తనను మోస్తున్నట్టు అనిపించింది. లాండ్రీ ఆయన ఒక తెల్లదుప్పటి బోరు నీళ్లలో తడిపి తెచ్చి, మరక లేదు చూడమని అందరికీ రెండు వైపులా తిప్పి చూపించాడు.

మేడమ్ సంతోషంగా, "సార్, మీ ముక్కు మా మిషన్ కంటే నయం" అంది.

అక్కయ్య అప్పటిదాకా కళ్లు తుడుచుకుంటోంది. ఆ మాట వినగానే పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక డ్రమ్ము మీద కూలబడింది. బావగారు గబగబా, నీళ్లు పోసే వేళైందంటూ పొద్దుతిరుగుడు మొక్కల వెనక్కి వెళ్లిపోయారు.

"ముక్కా?" అంది అక్కయ్య. "ఆ ముక్కు పని చేసి పదకొండేళ్లయింది మేడమ్. డిపోలో తొట్లు కడిగీ కడిగీ పోయింది. ఇంట్లో కూర మాడినా, గ్యాసు వదిలేసినా ఆయనకి నేను చెప్పాల్సిందే."

మరదలు తలెత్తింది. మాడు పాల టీ గుర్తొచ్చింది. "మరి రోజూ ఏం చూస్తున్నట్టు అక్కయ్యా?"

"మట్టి కాదే, మనిషిని. ఎలా ఉన్నావని అడగడం ఆయనకి చేతకాదు. నన్ను కూడా పెళ్లయిన ఈ నలభై ఏళ్లలో ఒక్కనాడూ అడగలేదు. ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే అంత మట్టి తీసుకుని వెళ్లి ముక్కు కింద పెడతారు. ఆ డాక్టరు భార్య చనిపోయిన వారం అది. ఆ జెండా ఆయన రిటైరయ్యే రోజు. నాకు మాత్రం ఆ రోజు రైల్లో అన్నం డబ్బాతో ఒక్కదాన్నీ కూర్చున్న సంగతి గుర్తే."

ఆ సాయంత్రం మరదలు అక్కయ్య ఇంటికి వెళ్లింది. ఏడాదిన్నరలో వీధి దాటడం అదే మొదటిసారి. అలమారాల నిండా, కిటికీల్లో, మంచం కింద సీసాలు. ప్రతి సీసాకీ కాగితం. వాసన అన్న మాట పక్కన ఒక్కదాని మీద కూడా బావగారి అభిప్రాయం లేదు. వాసన: డాక్టరు చెప్పింది, నీళ్లెక్కువ. వాసన: జెండా ఆయన చెప్పింది, వాన ముందర. వాసన: మేక తుమ్మింది.

ఒక అలమారా మొత్తం షెడ్డు మట్టే, రోజుకొకటి చొప్పున. మొదటి వరస చూసింది. వాసన: మరదలు చెప్పింది, తెలియదు. పక్కది, తెలియదు. దాని పక్కది, ఏమో. మళ్లీ తెలియదు. రెండో వరసలో డీజిలు. మూడో వరసలో తడి ఇటుక, నిన్నటికంటే తక్కువ. మధ్యలో ఒక సీసా మీద వాసన అన్న మాట పక్కన ఇంకేదో రాసి ఉంది. అక్షరాలు ఎప్పటికంటే వంకరగా ఉన్నాయి. ఈ రోజు నవ్వింది. వాసన అడగడం మరిచాను.

ఇంటికి వచ్చి గూట్లో గాజు సీసాను ఇటు తిప్పింది. చోటు: కిటికీ కింద. పరీక్షకు పంపరాదు. వాసన: మరదలికి తెలుసు.

మూత తీయలేదు. తీయాలనిపిస్తే తీయొచ్చులే అనుకుని, టీకి నీళ్లు పెట్టింది.

మర్నాడు ఏడింటికి గేటు గడియ చప్పుడైంది. పరీక్ష అయిపోయింది, కాగితం వచ్చేసింది, ఇల్లు నిలిచింది. అయినా బావగారు చిటికెడు మట్టి పట్టుకుని మెట్టు కింద నిలబడ్డారు. నిన్న తన సంగతి బయటపడినందుకు కాబోలు, ఆమె మొహం చూడకుండా పొద్దుతిరుగుడు వైపు చూస్తున్నారు.

"అమ్మాయ్, ముక్కు కావాలి."

ఆమె మెట్లు దిగి వచ్చింది. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని, ఆయనలాగే కళ్లు మూసుకుని, పుటాలు ఉబ్బించి, చాలాసేపు వాసన చూసింది.

"గులాబీల వాసన వస్తోంది బావగారూ" అంది.

బావగారు గంభీరంగా తల పంకించారు.

"ఊఁ, నేనూ అదే అనుకున్నాను."